ఏ పిల్ల ఏ తల్లిదో రాశారా?

మారేడ్‌పల్లిలో ఉంటూ ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీయో, ఎం.ఎస్సీ.లో జువాలజీయో పూర్తిచేసిన వాళ్లకి జంతు పరిశోధన ఉద్యోగాలు రెండు దిక్కుల్లో దొరుకుతాయి. మెట్టుగూడ దాటి తార్నాక వైపు వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ, ఇంకాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుంటే శామీర్‌పేట, తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. మందుల కంపెనీల కోసం ఎలుకల మీద పరీక్షలు చేసిపెట్టే సంస్థలు ఆ వైపున ఉన్నాయి. ఐసీఎంఆర్ వారి జంతు వనరుల కేంద్రమూ అక్కడే. ఇక మనకి బాగా దగ్గర్లో, బోయిన్‌పల్లి పక్కన మనోవికాస్ నగర్‌లో, బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో తల్లులు అక్కడికి వస్తారు.

ఆటిజం మీద ఎలుకల్లో జరిగే పరిశోధనలో చేరబోయేవాళ్లు ఈ రెండు లోకాలనూ గుర్తుంచుకోవాలి. యానిమల్ హౌస్‌లో మీరు రాసే ఒక అంకె కొన్నేళ్లకి ఆ తల్లుల చెవిన పడే మాటగా మారుతుంది. ఎలుకను పట్టుకోవడం, సూది వేయడం, రక్తం తీయడం కొద్ది నెలల్లో ఎవరికైనా వచ్చేస్తాయి. ఏ పిల్ల ఏ తల్లిదో తప్పులేకుండా రాసిపెట్టే అలవాటు మాత్రం అందరికీ రాదు. ఈ రంగంలో మీకు పేరు తెచ్చేది ఆ అలవాటే అని నా నమ్మకం.

ముందు మందు సంగతి. సోడియం వాల్‌ప్రోయేట్ అంటే మనకి తెలిసిన ఫిట్స్ మాత్రే. వాల్‌ప్రోయిక్ ఆమ్లాన్ని 1882లో తయారుచేశారు. ఎనభై ఏళ్లు దాన్ని ఇతర పదార్థాలు కరిగించే ద్రవంగానే వాడుకున్నారు. 1963లో ఫ్రాన్స్‌లో వేరే మందుల్ని అందులో కరిగించి పరీక్షిస్తుంటే, ఫిట్స్‌ను ఆపుతున్నది ఆ ద్రవమేనని బయటపడింది. లక్షల మందికి మేలు చేసిన మందు అది. కానీ గర్భిణి వాడితే పుట్టే బిడ్డకి వెన్నుపాము లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతుందని 1980ల్లో తేలింది. తర్వాత ఆటిజం ప్రశ్న వచ్చింది. డెన్మార్క్‌లో 1996 నుంచి 2006 వరకు పుట్టిన ఆరున్నర లక్షల మంది పిల్లల రికార్డులు చూసి 2013లో ఒక లెక్క ప్రచురించారు. మొత్తం పిల్లల్లో ఆటిజం కోవకి చెందిన ఇబ్బందులు వచ్చే అవకాశం 1.53 శాతం ఉంటే, తల్లి గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడిన పిల్లల్లో 4.42 శాతం ఉంది. అంటే అలా పుట్టినవాళ్లలోనూ నూటికి తొంభై అయిదు మందికి పైగా ఆటిజం లేదు. ఈ రెండో వాక్యాన్ని వదిలేసి మొదటిదే చెప్పడం తల్లులకి అన్యాయం చేయడమే.

ఎలుకల్లో ఈ పని 1990ల్లో పాట్రీషియా రోడియర్ బృందంతో ఊపందుకుంది. అంతకుముందు స్వీడన్‌లో, తల్లులు థాలిడొమైడ్ అనే మందు వాడగా అంగవైకల్యంతో పుట్టిన నూరు మందిని పరీక్షిస్తే కనీసం నలుగురిలో ఆటిజం కనిపించింది. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకునే రోజులు చాలా సున్నితమైనవన్న ఆలోచన అక్కడినుంచి బలపడింది. చూడి ఎలుకకి పన్నెండున్నరో రోజున కిలోకి 600 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క ఇంజెక్షన్ వేసే పద్ధతి తర్వాత బాగా వ్యాపించింది. 300 గ్రాముల ఎలుకైతే 180 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకి 250 మిల్లీగ్రాములు ఉండేలా ద్రావణం కలుపుకుంటే 0.72 మిల్లీలీటర్లు.

ఇక్కడ కొత్తవాళ్లని తికమక పెట్టే విషయం ఒకటుంది. రాత్రి ఆడ, మగ ఎలుకల్ని కలిపి ఉంచి, పొద్దున్నే ఆడదాని స్మియర్ తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. వీర్యకణాలు కనిపించిన ఆ రోజును కొన్ని ల్యాబుల్లో సున్నా అంటారు, కొన్నింట్లో ఒకటి అంటారు. ఎలుక మోసేది మూడు వారాలే. అందులో ఒక్క రోజు తేడా వస్తే మందు తగిలే అవయవమే మారిపోతుంది. చేరిన మొదటి వారంలోనే ఇది అడిగి తెలుసుకుని, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

600 మిల్లీగ్రాములు వింటే భయం వేస్తుంది. మనుషుల మోతాదుతో దాన్ని నేరుగా పోల్చకూడదు. శరీర ఉపరితలాన్ని బట్టి చేసే మామూలు లెక్కలో ఎలుక మోతాదును 6.2తో భాగిస్తారు. అలా భాగించినా కిలోకి దాదాపు 97 మిల్లీగ్రాములు వస్తుంది. అరవై కిలోల మనిషికి ఒకేసారి ఆరు గ్రాములకి దగ్గర! మనుషులు ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెం వేసుకుంటారు, ఎలుకకి ఒక్క రోజే పెద్ద మొత్తం పడుతుంది. ఎవరైనా మీ పని గురించి అడిగితే ఈ తేడా చెప్పాలి.

ఇప్పుడు తరాల సంగతి. 2016లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు చుంచెలుకల మీద చేసిన పని సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. చూడి చుంచెలుకలకి వాల్‌ప్రోయేట్ ఇచ్చారు. పుట్టిన మగపిల్లల్ని ఏ మందూ ఎరగని ఆడవాటితో కలిపి మనవల్ని, మళ్లీ అలాగే మునిమనవల్ని పుట్టించారు. తోటివాటితో కలవడం తగ్గడం, గోలీలను ఎక్కువగా పూడ్చడం లాంటివి మొదటి తరంలో కనిపించాయి. మునిమనవల్లోనూ కనిపించాయి. మెదడు ముందుభాగంలో ఉత్తేజపరిచే సంకేతాలకీ, అణిచే సంకేతాలకీ మధ్య తూకం మొదటి తరంలోనూ మూడో తరంలోనూ తప్పింది. మందు ఇచ్చింది మొదటి తల్లికే అయినా గుర్తు మూడు తరాలు నడిచిందని వారి వాదన.

మూడో తరందాకా ఎందుకు వెళ్లారో అర్థం చేసుకుంటే ఈ రంగంలో సగం తెలిసినట్టే. చూడి ఎలుకకి మందు ఇచ్చిన రోజున కడుపులో పిల్ల ఉంది. ఆ పిల్ల ఒంట్లో రేపటి మనవలకి మూలమైన బీజకణాలు అప్పటికే ఉన్నాయి. కాబట్టి మందు ఒకేసారి మూడు తరాలను తాకింది: తల్లి, పిల్ల, మనవడు. మందు నేరుగా తాకని మొదటి తరం మునిమనవలదే. మనవల్లో ఏం కనిపించినా దాన్ని వారసత్వం అనడానికి వీల్లేదు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడుగుతారు. అడక్కపోయినా సందర్భం చూసి మీరే చెప్పండి.

దారి ఎలా ఉండొచ్చంటే, వాల్‌ప్రోయేట్ హిస్టోన్ డీఅసిటైలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని 2001లో తేలింది. ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూసుకుని ఉండాలి అన్న గుర్తుల్ని దిద్దే ఎంజైముల్లో అదొకటి. సరిగ్గా ఆ రోజుల్లోనే పిండంలోని బీజకణాల్లో పాత గుర్తులు చెరిగి కొత్తవి పడతాయి. మందు అప్పుడు తగిలితే ఏదో ఒకటి మిగిలిపోవచ్చన్నది ఊహ. ఊహ అనే అంటున్నాను. తల్లి పెంపకం ఇంకో దారి. సరిగా నాకని, పాలివ్వని తల్లి దగ్గర పెరిగిన పిల్ల వేరేలా ఎదుగుతుంది, దానికి జన్యువుల గుర్తులతో పనిలేదు. కొరియా వాళ్లు మగపిల్లల వైపు నుంచి వంశాన్ని నడపడంలో ఉన్న మేలు అదే. మనవల్ని మోసిన కడుపూ, పెంచిన ఒడీ మందు ఎరగనివి. వేరే తల్లి దగ్గర పిల్లల్ని పెంచే పద్ధతి కూడా ఈ అనుమానం తీర్చుకోవడానికే. మీ ల్యాబులో అలా మారుస్తుంటే, కన్నతల్లి నంబరు, పెంచిన తల్లి నంబరు రెండూ కార్డు మీద ఉండాలి.

తల్లి కాలంలో జరిగింది పిల్లల ఒంటిమీద కనిపించడం తార్నాకకు కొత్త సంగతేమీ కాదు. జాతీయ పోషకాహార సంస్థలో ఎం. రఘునాథ్ బృందం తల్లి ఎలుకల తిండిలో విటమిన్లు తగ్గిస్తే పిల్లల ఒంట్లో కొవ్వు పెరిగిందని 2004లో చూపింది. 2015లో హార్దికర్ బృందం ప్రచురించిన పని మరీ ఆలోచింపజేస్తుంది. యాభై తరాలపాటు అరకొర తిండితో పెరిగిన ఎలుకలకి ఆ తర్వాత రెండు తరాలు మంచి తిండి పెట్టినా మధుమేహం వైపు మొగ్గు పోలేదు. ఇలాంటి పనికి ఓపిక గల చేతులు కావాలి.

ఇక అసలు మాట. ఒక ఈతలో పుట్టిన పిల్లలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఒకే కడుపు, ఒకే పాలు, ఒకే పంజరం. అయిదుగురు తల్లులకి మందు వేసి, ఒక్కో ఈతకి పది పిల్లల చొప్పున యాభై పిల్లల్ని పరీక్షించారనుకోండి. మీ సంఖ్య యాభై కాదు, అయిదు. మందు వేసింది తల్లికి గనక లెక్క తల్లిదే. యాభై అని రాసి గణాంకాలు కడితే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది ఎక్కడో ఒకచోట జరిగే పొరపాటనుకోకండి. 2013లో లాజిక్, ఎసియూ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వాల్‌ప్రోయేట్ పరిశోధనల్లో 34 చదివి చూస్తే, ఈతను ప్రమాణంగా తీసుకుని లెక్క సరిగా కట్టినవి మూడే ఉన్నాయి.

తరాలు గడిచేకొద్దీ ఈ చిక్కు పెద్దదవుతుంది. మునిమనవలు నలభై ఉన్నా, అవన్నీ ఒకే ముత్తవ్వ సంతానమైతే మీ దగ్గరున్నది ఒక్క వంశమే. ఒకే మగదాన్ని నాలుగు ఆడవాటితో కలిపి నాలుగు ఈతలు తీసినా అంతే, తండ్రి ఒక్కడే. అందుకే పిల్లకి వేసే నంబరులోనే వంశం కనిపించేలా పెట్టమని చెబుతాను: ముత్తవ్వ నంబరు, తాత నంబరు, తండ్రి నంబరు, చివర పిల్లది. నంబరు పొడుగవుతుంది, కానివ్వండి. అన్నాచెల్లెళ్లు పొరపాటున జతకట్టకుండా చూసుకోవడానికీ అదే ఉపయోగపడుతుంది. తోకమీద మార్కర్‌తో గీత గీసి వదిలేయకండి. ఎలుకలు ఒకదాన్నొకటి నాకి ఆ గీతను చెరిపేస్తాయి. గీతలు చెరిగిపోయి, పంజరంలో ఎనిమిది పిల్లలుంటే ఎనిమిదీ అనాథలైన రోజును ఒక ల్యాబులో చూశాను. అప్పటివరకు ఆ పిల్లల మీద తీసిన వీడియోలన్నీ వృథా. చెవికి గాటో, పాదానికి పచ్చబొట్టో, మీ సంస్థ కమిటీ దేనికి ఒప్పుకుందో అది వేయండి.

పరీక్ష ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. పారదర్శకమైన పెట్టె, మూడు గదులు. రెండు చివరి గదుల్లోనూ బోర్లించిన తీగ బుట్టలు. ఒక బుట్ట కింద కొత్త ఎలుక, రెండో దాని కింద ఏమీ ఉండదు, లేదా ఒక వస్తువు ఉంటుంది. మీ ఎలుకను నడిమి గదిలో వదిలి, అలవాటు పడనిచ్చి, తలుపులు తీసి పది నిమిషాలు చూస్తారు. కొత్త ఎలుకను ఎంతసేపు వాసన చూసింది, ఖాళీ బుట్టను ఎంతసేపు అన్నదే కొలత. ప్రతిసారీ పెట్టెను స్పిరిట్‌తో తుడిచి, వాసన పోయేదాకా ఆగాలి. కొత్త ఎలుకను ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి మార్చాలి. మీ ఎలుకకి ముక్కు పనిచేస్తోందో లేదో విడిగా చూసుకోవాలి. పొట్టులో దాచిన తిండిని వెతుక్కోలేని ఎలుక సాటి ఎలుకను పట్టించుకోలేదని రాస్తే అర్థం లేదు. గోలీల పరీక్ష ఇంకా మోసం చేస్తుంది. అయిదు సెంటీమీటర్ల మందాన పొట్టు పరిచి, ఇరవై గోలీలు వరసగా పేర్చి, అరగంట తర్వాత మూడింట రెండు వంతులు మునిగినవాటిని లెక్కపెడతారు. ఊరికే ఎక్కువ తిరిగే ఎలుక కూడా ఎక్కువ గోలీలు పూడుస్తుంది. వాల్‌ప్రోయేట్ పిల్లలు ఎక్కువ తిరుగుతాయని కొరియా వాళ్లే రాశారు. కాబట్టి ‘పద్నాలుగు గోలీలు పూడ్చింది’ అని రాయండి. ‘ఆటిజం లక్షణం చూపింది’ అని మీ నోట్‌బుక్‌లో రాయకండి. ఎలుకకి ఆటిజం రాదు, కొన్ని ప్రవర్తనలు మారతాయి, అంతే.

వీడియో చూసి లెక్కపెట్టేవాళ్లకి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. ఈ మాట అందరూ అంటారు, కానీ కేజ్ కార్డు మీద పెద్ద అక్షరాలతో మందు పేరు రాసి ఉంటుంది. కోడ్ వేయమని మీరే అడగండి.

పట్టుకునే తీరు కూడా ఫలితమే. చుంచెలుకను తోక పట్టి ఎత్తితే భయం పెరుగుతుందని, దోసిట్లోకో గొట్టంలోకో ఎక్కించుకుంటే తగ్గుతుందని జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ 2010లో చూపించారు. మగవాళ్ల ఒంటి వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయని 2014లో కెనడాలో తేలింది. అత్తరు, సెంటు రాసుకుని లోపలికి వెళ్లకండి. మొదటి తరాన్ని ఒకరు, మూడో తరాన్ని ఇంకొకరు పరీక్షిస్తే ఆ రెండింటి మధ్య తేడా మందుదో మనిషిదో చెప్పలేం.

ఇందులోంచే ఉద్యోగం గురించి ఒక గట్టి సలహా వస్తుంది. ఒక తరం పుట్టి, ఎదిగి, జతకట్టి, ఈనేసరికి మూడు నెలలు దాటుతుంది. మునిమనవల పరీక్షలు ముగిసేసరికి ఏడాది అవుతుంది. ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగాలేమో చాలాచోట్ల ఏడాదికే ఇచ్చి, తర్వాత పొడిగిస్తారు. మూడు తరాల పని అని చెబితే ఇంటర్వ్యూలోనే అడగండి: ప్రతి తరంలోనూ మందు ఎరగని గుంపును పక్కనే పెంచుతున్నారా? నా కాలం మధ్యలో ముగిస్తే పరీక్షలు ఎవరు చేస్తారు? వ్యాసంలో నా పేరు ఉంటుందా? మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. మూడో తరందాకా పంజరాల ఖర్చు, ఊక, మేత లెక్కలో వేసుకున్నారో లేదో అక్కడే తెలిసిపోతుంది. కమిటీ అనుమతి సంగతీ అడగండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ దగ్గర సంస్థ నమోదై ఉండాలి. మీ ప్రాజెక్టుకి ఫారం-బి మీద సంస్థలోని జంతు నైతిక కమిటీ ఆమోదం ఉండాలి. మూడు తరాల్లో పుట్టబోయే జంతువులన్నిటి సంఖ్య అందులో రాసి ఉండాలి. ఆ కాగితం చూడకుండా సూది పట్టకండి.

కంపెనీల కోసం పనిచేసే సంస్థల్లో చేరేవాళ్లు ఓఈసీడీ 426 మార్గదర్శకం చదువుకుని వెళ్లండి. తల్లికి ఇచ్చిన రసాయనం పిల్లల మెదడు మీద ఏం చేస్తుందో చూసే పద్ధతి అది. మోతాదుకి ఇరవై ఈతలు ఉండాలంటుంది, ఈతనే లెక్కకి ప్రమాణంగా తీసుకోమంటుంది. పైన చెప్పిన మాట అక్కడ అలంకారం కాదు, నియమం.

ఇప్పుడు మీ ఒంటి సంగతి. ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు గర్భంతో ఉన్నా, పిల్లల కోసం అనుకుంటున్నా, వాల్‌ప్రోయేట్ పొడి తూయడం, ద్రావణం కలపడం మీ చేతి మీదుగా జరగకూడదు. పైవాళ్లకి చెప్పి వీడియో లెక్కలకో, కణజాలం పనికో మారండి. సిగ్గుపడి ఊరుకోకండి. ఈ మందు పిండానికి ఏం చేస్తుందో చూడడానికే కదా ఆ ల్యాబు పెట్టారు! మగా ఆడా అందరూ గ్లవ్స్, మాస్క్ వేసుకోవాలి. ఎలుకల మూత్రంలోని ప్రోటీన్ల వల్ల వచ్చే ఎలర్జీ తుమ్ములతో మొదలై ఆయాసం దాకా పోతుంది. తుమ్ములు మొదలైనప్పుడే డాక్టరుకి చూపించుకోండి.

ఆఖరుగా, బయటివాళ్లతో మాట. మీరీ పని చేస్తున్నారని తెలిస్తే బంధువులో, పక్కింటి వాళ్లో వచ్చి అడుగుతారు: ‘మా కోడలు ఫిట్స్ మాత్ర వేసుకుంటోంది, మనవల దాకా వస్తుందటగా?’ మీ సమాధానం ముందే సిద్ధం చేసుకోండి. మూడు తరాల ఫలితం చుంచెలుకల్లో, ఒకేసారి ఇచ్చిన పెద్ద మోతాదుతో వచ్చింది. మనుషుల్లో మునిమనవల దాకా వస్తుందని ఎవరూ చూపలేదు. తల్లి వాడితే బిడ్డకి ప్రమాదం ఉందన్నది మాత్రం నిజం. బిడ్డల్ని కనే వయసులో ఉన్న స్త్రీలకి వాల్‌ప్రోయేట్ ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అయితే మాత్రను సొంతంగా ఆపడం అంతకంటే ప్రమాదం. ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టును కలవమనండి. లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్ లాంటి మందులకి మారడం కుదురుతుందో లేదో ఆయన చూస్తారు.

మగవాళ్ల గురించి అడిగితే, 2024 జనవరిలో యూరప్ మందుల సంస్థ జాగ్రత్త చెప్పింది. బిడ్డ కడుపున పడడానికి ముందు మూడు నెలల్లో తండ్రి వాల్‌ప్రోయేట్ వాడితే, పిల్లల ఎదుగుదలలో ఇబ్బందులు నూటికి అయిదుగురికి, ఇతర మందులు వాడితే నూటికి ముగ్గురికి వచ్చే అవకాశం ఉండొచ్చని. అదే ఏడాది డెన్మార్క్‌లో వచ్చిన మరో లెక్కలో ఆ తేడా కనిపించలేదు. రెండూ చెప్పండి. భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరకి వెళ్లమనండి.